బుధవారం నాటి తలంటు

మా అమ్మ నవ్వు చూడాలంటే బాపట్ల నుంచి రైలు రావాలి, అందులోంచి ఆవిడ మేనల్లుడు దిగాలి. ఆవిడ కడుపున పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. తెనాల్లో మా ఇంట్లో పెట్టుకుని వండిపెట్టాను, కాళ్లు పట్టాను, తల దువ్వాను. ఆ నవ్వులో పావువంతు కూడా నా వాటాకి రాలేదు.

డెబ్బైల మొదట్లో మాట. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఆవిడకి ఇచ్చిన పొలం రేపల్లె దగ్గరుంది. కౌలుదారు ఏటా పంట అమ్మాక రేపల్లె రైలెక్కి వచ్చి డబ్బు ఆవిడ చేతిలో పెట్టి, మజ్జిగ తాగి వెళ్లేవాడు. అమ్మ దాన్ని బొడ్డు సంచిలో దోపుకునేది. మర్నాటికల్లా బావ దిగేవాడు. రేపల్లె రైలు కూత బాపట్లలో మా బావ చెవికి మాత్రమే వినబడుతుందని నేను వాడకట్టంతా చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

వచ్చేటప్పుడు పిడికెడంత వేటపాలెం జీడిపప్పు పొట్లం తెచ్చేవాడు. వెళ్లేటప్పుడు కౌలు డబ్బు పట్టుకెళ్లేవాడు. ఒక ఏడు సైకిలు షాపన్నాడు, మరో ఏడు సోడా మిషనన్నాడు. ఆ సోడా మా ఇంట్లో ఎవరూ తాగిన పాపాన పోలేదు. అమ్మ మాత్రం ఆ జీడిపప్పుని డబ్బాలో దాచి, నాకు పండగ నాడు మందుబిళ్లలా ఒక పలుకు ఇచ్చేది. "మీ బావ తెచ్చాడే, నెమ్మదిగా నములు" అని చెప్పి మరీ ఇచ్చేది.

ఇంతలో అమ్మ కళ్లకి శుక్లాలు ముదిరాయి. గుంటూరు డాక్టరు గారు "ఇంకా జాప్యం చేస్తే నేనేం చెయ్యలేనండి" అన్నారు. ఆపరేషన్‌కి డబ్బు కావాలి. మా ఆయన గుమాస్తా జీతం ఇంటి అద్దెకీ బియ్యానికీ సరిపోయేది. కిందటేడు కౌలు సోడాలో కలిసిపోయింది. ఈ ఏడు కూడా పోతే అమ్మ ఇక చీకట్లోనే ఉండిపోతుంది. ఆ మాట చెబితే "వాడు ఇచ్చేస్తాడులేవే, నీకెప్పుడూ ఏడుపే వాడి మీద" అనేది. ఏడుపే మరి, కాదని ఎవరన్నారు?

అమ్మకి ఒక పట్టింపు ఉంది. శుక్రవారం ఇంట్లోంచి పైసా బయటికి పోకూడదు, లక్ష్మి వెళ్లిపోతుంది. ఆ సంగతి తెలుసు గనకే బావ ఎన్నడూ శుక్రవారం రాలేదు. ఆ ఏడు బుధవారం వచ్చాడు.

వీధి మలుపులో అతని గొడుగు కనబడగానే నేను పెరట్లోకి పరిగెత్తి నెత్తిన రెండు చెంబుల నీళ్లు పోసుకున్నాను. పసుపు గిన్నె తెచ్చి గడపకి ఇంత పట్టించాను. బావ గడప దాటుతూ, "ఏంటి మరదలా, పెళ్లా పేరంటమా?" అన్నాడు.

"నీ రాకే మాకు పేరంటం బావా" అన్నాను.

భోజనంలో గడ్డపెరుగు మీగడ అతని విస్తట్లో పడింది. చేత్తో తడిమి మరీ వడ్డించింది అమ్మ. గుడ్డి చేతులకి మీగడ ఎక్కడుందో ఎలా తెలిసిందో! నాకు అడుగున నీళ్లు మిగిలాయి. చెయ్యి కడుక్కుని అతను అమ్మ మంచం పక్కన చేరాడు.

"అత్తా, సినిమా హాల్లో క్యాంటీన్ లీజుకి వస్తోంది. సాయంత్రం లోపల అడ్వాన్సు కట్టకపోతే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు."

అమ్మ చెయ్యి బొడ్డు దగ్గరికి పోయింది.

"అమ్మా, ఇవాళ శుక్రవారం" అన్నాను.

బావ ఎగిరిపడ్డాడు. "శుక్రవారమేంటి! బుధవారం కదా!"

"బాపట్లలో అయ్యుండొచ్చు. ఇక్కడ పొద్దున్నే తలంటు పోసుకున్నాను, గడపకి పసుపు రాశాను."

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి జుట్టు తడిమింది. తడిగా తగిలింది. గడప వైపు మొహం తిప్పి వాసన చూసింది.

"శుక్రవారమేరా నాయనా. ఇవాళ ఎలా ఇస్తాను?"

"అత్తా! నా మాట నమ్మవా? పోనీ పక్కింటివాళ్లని అడుగుదాం."

"శుక్రవారం పూట లక్ష్మీదేవిని వీధిలోకి ఈడుస్తావుటరా? తప్పు" అంది అమ్మ. అతను నా వైపు చూసిన చూపుకి పచ్చిమిరపకాయ అయినా ఎండిపోయేది. సాయంత్రం రైలుకి వెళ్లిపోయాడు.

అతను వీధి దాటాక అమ్మ అంది: "తల తుడుచుకోవే, జలుబు చేస్తుంది. బుధవారం పూట ఎవరైనా తలంటు పోసుకుంటారా?"

"అయితే నీకు తెలుసా?" అన్నాను.

"ఆదివారం చర్చి గంట మోగి ఇంకా మూడు రోజులే అయింది. పోయింది కళ్లేనే, చెవులు కాదు."

"మరి బావ ముందు ఆ మాట అనలేదేం?"

"నా తమ్ముడి కొడుక్కి లేదని నా నోటితో ఎలా చెప్పనే? నువ్వైతే ఎన్నైనా చెబుతావు."

మర్నాడే గుంటూరు వెళ్లాం. బొడ్డు సంచి డాక్టరు గారి బల్ల మీద ఖాళీ అయింది. కొన్నాళ్లకి సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని మొదటిసారి నన్ను ఎగాదిగా చూసి "ఇదేంటే, ఇలా ఒళ్లు చేశావు?" అంది. ఆ వారమే పరామర్శకి వచ్చిన బావ వాకిట్లో నిండుగా నిలబడ్డాడు. అతను పక్కకి జరిగితే గానీ ఎండ లోపలికి రాలేదు. అమ్మ అతని చెంపలు నిమిరి "సగమైపోయావురా నా తండ్రీ!" అంది.

ఆ తర్వాత కూడా అతను ఏటా వచ్చాడు, ఏటా అడిగాడు. అమ్మ అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకునేది. "నాకు ఇవ్వాలనే ఉంది నాయనా. ఇది ఇవ్వనివ్వదు, ఏం చెయ్యను?" అని నన్ను చూపించేది. అతను నన్ను తిట్టుకుంటూ, ఆవిడ కాళ్లకి దండం పెట్టి వెళ్లేవాడు. కౌలు డబ్బు మళ్లీ గుమ్మం దాటలేదు.

అయినా నా కడుపుమంట చల్లారలేదు. అతనికి లేదన్న మాట కూడా అంత తేనె కలిపి చెప్పేది. పొలం నా పేర రాస్తానన్న రోజున కూడా నాతో చెప్పింది తిడుతూనే.