‘పర్సోఁ’ అన్న మా ఇంటామె

మా పెద్దోడికి సర్కారు బడిలో మాస్టరు కొలువు దొరికింది! ఇది చదివే అమ్మలందరి నోట్లో, అయ్యలందరి నోట్లో చక్కెర పోయాలని ఉంది నాకు. హుకుం కాగితం ఇంటికొచ్చిన పొద్దున మొజంజాహీ మార్కెట్‌లోని నా పండ్ల దుకాణం తెరవనే లేదు. మంచి సీతాఫలాలు ఏరి గంపలో పేర్చుకుని, ఆబిడ్స్ వెనక ఉన్న ఆ చడీచప్పుడు లేని గల్లీకి పరుగులాంటి నడకతో వెళ్ళాను. మావాడి కొలువు నిలబెట్టిన మనిషి, ఒకప్పుడు నాకు గది కిరాయికిచ్చిన ఇంటామె, అక్కడే ఉంటుంది. ఉంటుందనుకునే వెళ్ళాను.

పక్క బంగళా తోటమాలి గేటు దగ్గరే ఆపాడు.

"ఎవల కోసం?"

"ఇంకెవల కోసం? అవ్వ కోసం. లోపల ఉన్నదా?"

"అవ్వ పర్సోఁ పోయింది గద."

గంప నా చేతిలో అలాగే ఉంది. "ఏ పర్సోఁ?" అని అడిగాను.

బయటి ఊరివాళ్ళకు ఇది పిచ్చి ప్రశ్నలా ఉంటుంది. పుస్తకంలో పర్సోఁ అంటే మొన్న, అంతే. మా పట్నంలో అట్లా కాదు. నిన్న కానిదంతా మాకు పర్సోఁనే. పోయిన వారం ఇంటికి సున్నం వేయించిందీ పర్సోఁనే, మూసీకి పెద్ద వరద వచ్చిందీ పర్సోఁనే. నేను ఆ గల్లీకి వెళ్ళి చాలా రోజులైంది. అన్ని రోజుల్లో ఆమె ఎప్పుడు పోయిందో నాకెలా తెలియాలి?

"మొన్ననే. అసలు మొన్న" అన్నాడు తోటమాలి, గుసగుసగా. ఎదురింటి సాబు ఇంకా లేవలేదట.

ఆ సాబు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆమె పోయిన మధ్యాహ్నం చుట్టాల ఆడవాళ్ళు ఏడుస్తుంటే ఆయన నౌకరును పంపించాడట. "జర మెల్లగ ఏడ్వమన్నడు సాబు" అని ఆ నౌకరు తలొంచుకుని చెప్పిపోయాడట. మెల్లగా ఏడవడం ఎట్లాగో ఆ దొర ఒకసారి ఏడ్చి చూపిస్తే మేమూ నేర్చుకునేవాళ్ళం! మా నాంపల్లి స్టేషను పక్కన జట్కావాడి గుర్రం చచ్చిపోతే వీధి వీధంతా వచ్చి వాడి చుట్టూ నిలబడింది. ఈ గల్లీలో మనిషి పోతే పరదాలు లాక్కున్నారు. దీన్ని మర్యాదస్తుల వాడ అంటారు. అనుకోనివ్వండి.

నేను వయసులో ఉండగా కృష్ణ ఒడ్డునున్న మా ఊరి నుంచి ఈ పట్నం వచ్చినప్పుడు, తన పెంకుటింటి వెనక గది కిరాయికిచ్చింది ఈమే. అప్పుడు ఆ గల్లీకి కూడా ప్రాణం ఉండేది. బావి గిలక కిర్రుమనేది, మేకలు అరిచేవి, పిల్లలు తన్నుకునేవాళ్ళు. తర్వాత నవాబు రాజ్యం పోయింది, కొత్త సర్కారు వచ్చింది, దానితో పాటు కొత్త సాబులు వచ్చారు. పెంకుటిళ్ళు కొని కూలగొట్టి బంగళాలు లేపారు. గేట్లకు పేర్ల పలకలు, పలకల పక్కన 'కుక్కలున్నవి' అని బోర్డులు. ఆ కుక్కలు కూడా మొరగవు. వాటికీ చదువు చెప్పించినట్టున్నారు. అన్ని బంగళాల నడుమ ఈమె పెంకుటిల్లు ఒక్కటి మిగిలింది. ఎంత అడిగినా అమ్మలేదు.

రోజంతా అరుగు మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించేది. ఆ టకటకే ఆ గల్లీలో వినిపించే చప్పుడు. కార్లో పోయే ప్రతి సాబునూ పైనుంచి కిందిదాకా చూసి ఏదో ఒకటి అనేది.

"నోరు మూసుకున్నోడే పెద్దమనిషైతే మా ఇంటి గోడ కలెక్టర్ కావాలె గదరా" అనేది నాతో.

నన్ను మాత్రం వదిలిందా? పిల్లలు పుట్టి ఆ గది చాలక నాంపల్లికి మారాక కూడా నేను పండ్లు తీసుకుని వెళ్తూనే ఉన్నాను. ఒక్కనాడు మెచ్చుకోలేదు.

"ఇవ్వి పండ్లా, గుండ్లా? ఎవని నెత్తి పలగ్గొడ్దమని తెచ్చినవ్?"

"రేపటికి మగ్గుతయవ్వా."

"అప్పటిదాంక నేనుండాలె గద! గాడ పెట్టు. కూసో. తిని పో."

తిట్టు ముందు, అన్నం వెనక. ఆ అరుగు మీద నేను తిన్న అన్నానికి లెక్క లేదు. ఈ జన్మకు తీరేది కాదు.

ఇక మావాడి కొలువు. వాడు పరీక్ష పాసయ్యాడు, పేరూ వచ్చింది. కానీ ఈ రాజ్యం మనిషేనని ముల్కీ కాగితం తెస్తే తప్ప కొలువు లేదన్నారు. ఊళ్ళో మా ఇల్లు కృష్ణకు ఇవతల, మా చేను అవతల, అంటే వేరే రాజ్యంలో. తొలికాన్పు కనుక వాడు పుట్టింది వాళ్ళమ్మ పుట్టింట్లో, అదీ అవతలే. "ఎటువాడివయ్యా నువ్వు?" అన్నారు దఫ్తరులో. నేను పట్నానికి వచ్చి ఎన్నేళ్ళయిందో నేను మొదట ఉన్న ఇంటివాళ్ళు చెప్పాలన్నారు. అవ్వను అడగడానికి దఫ్తరు నుంచి ఒక కొత్త సాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెమటే పట్టని ముఖం. మనిషి తెలుగువాడే, కానీ మాది ఉర్దూ పట్నమని హిందీలో మొదలుపెట్టాడు. అవ్వ కూడా అదే భాషలో జవాబిచ్చింది.

నేనెప్పుడు వచ్చానని ఆయన అడిగాడు.

"యే? యే తో పర్సోఁ ఆయా" అంది అవ్వ, వక్క కత్తిరిస్తూనే. వీడా, వీడు పర్సోఁ వచ్చినోడేనని.

ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. వారానికల్లా కాగితం తిరిగొచ్చింది. ఈ మనిషి మొన్ననే పట్నం వచ్చాడని ఇంటి యజమానురాలే చెప్పినందున మంజూరు లేదట!

ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మావాడు గోడకు ఆనుకుని కూర్చుని, "నేను గూడ దుకాణంల కూసుంట తియ్యి బాపూ" అన్నాడు. పండ్లు అమ్మడం తప్పని కాదు. కానీ వాడు స్టేషను దీపాల కింద కూర్చుని చదివినవాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది.

అవ్వను ఇబ్బంది పెట్టడం ఎందుకని ముందు బంగళాలకు వెళ్ళాను. ఏళ్ళ తరబడి నా పండ్లు తిన్న ఇళ్ళు అవి. ఒక మాట సాయం చేయమన్నాను. ఒకాయన 'ఇప్పుడు తీరిక లేదు' అన్నాడు. ఒకామె తలుపు సందులోంచి చేయి మాత్రం ఆడించింది. ఇంకొకాయన ఎంతో మర్యాదగా, "మేము ఇలాంటి వాటిలో కలగజేసుకోమండీ" అన్నాడు. నేను పండిన పండును వాసన చూసి చెప్తాను. మనుషుల్ని కూడా అట్లా చూసి ఉంటే ఆ గేట్లు ముట్టుకునేవాణ్ణే కాదు.

అరుగు మీద నుంచి ఇదంతా చూసింది అవ్వ.

"ఏంది ర, గీ ఇండ్లల్ల అడుక్కుంటున్నవ్?"

చెప్పాను. అడకత్తెర కింద పెట్టింది. ఆమె దాన్ని కింద పెట్టడం నేను చూడడం అదే మొదటిసారి.

"రిక్షా పిలువు."

మోకాళ్ళ నొప్పులతో గేటు దాటి చాలా కాలమైన మనిషి. నేనూ రిక్షావాడూ పట్టి ఎక్కించాం. దఫ్తరున్న నాంపల్లి దాకా ప్రతి గుంతకూ మునిసిపాలిటీని తిట్టింది. దఫ్తరులో నేరుగా ఆ సాబు బల్ల ముందుకు వెళ్ళి, కూర్చోమనకుండానే కూర్చుంది.

"ఏం రాసినవ్ నువ్వు?"

"మీరు చెప్పిందేనండీ. పర్సోఁ అన్నారు. నేను హిందీ పరీక్షలన్నీ ప్యాసయ్యానండీ."

"ఎవడు పాస్ చేసిండు నిన్ను? మా ఆయన ఎప్పుడు పోయిండో అడుగు."

"ఎప్పుడండీ?"

"పర్సోఁ."

ఆయన ఆమె నెరిసిన తల వైపు, వెలిసిన తెల్లచీర వైపు చూశాడు.

"నా పెండ్లి ఎప్పుడైందో గూడ అడుగు."

ఆయన కాగితాలు తిరగేశాడు.

"అదీ పర్సోఁనే" అంది. తలుపు దగ్గర నిలబడ్డ తెల్లగడ్డం చప్రాసీ వైపు తిరిగింది. "ఏం భాయ్, నువ్వు ఈ దఫ్తర్ల ఎప్పటిసంది ఉన్నవ్?"

ఆ ముసలాయన నడుము పట్టీ సర్దుకున్నాడు. "పర్సోఁసే అమ్మా. నేనొచ్చినంక గీ కుర్చీల ఎంతమంది సాబులు మారిన్రో!"

దఫ్తరంతా ఘొల్లుమంది. గుమాస్తాలు కలాలు వదిలేసి నవ్వారు. ఆ సాబు ముఖానికి అప్పుడు పట్టింది చెమట. రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. అంత చదువూ చదివి, పక్కనున్న చప్రాసీతో ఒక్క పూట మాట్లాడి ఉంటే తెలిసే మాట! మాట్లాడితే గౌరవం పోతుందని భయం కాబోలు.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో అవ్వ అలసిపోయి నా భుజానికి ఆనుకుంది.

"నీ కొడుకు మాస్టరైనంక పిల్లలతోని గట్టిగ చదివించుమను ర" అంది. "నోట్ల గునిగేటోల్లు ఇప్పటికే ఎక్కువైన్రు."

కాగితం మంజూరైంది. హుకుం మాత్రం దఫ్తర్లన్నీ తిరిగి తిరిగి, ఆమె పోయిన రెండు రోజులకు మా గుమ్మంలోకి వచ్చింది. ఆ సంగతి మావాడికి చెప్తే అవ్వ ఖాళీ అరుగు మీదకు వెళ్ళి కూర్చున్నాడు.

సంతోషం సంతోషమే, చెప్పవలసిన వాళ్ళకు చెప్పాలి. రెండు కబుర్లూ కలిపే చెప్తున్నాను.

కాచిగూడలో ఉన్న మా చెల్లెలికి చెప్పాలి. ఆమె మొగుడికి ఇంకా ముందు చెప్పాలి. పండ్లమ్మేవాడి కొడుకు పండ్లే అమ్ముతాడన్న మహానుభావుడు ఆయన.

ఊళ్ళో మా పెద్దక్కకు చెప్పాలి. ముందు అవ్వ సంగతి, తర్వాతే కొలువు సంగతి. ఆమె కూడా ఆ చేతి అన్నం తిన్నది.

ఏటి అవతల మా బామ్మర్దికి చెప్పాలి. మేనల్లుడు మావాడేనని ఇక ఊరంతా చెప్పుకుంటాడు. కాగితం కోసం తిరిగిన రోజుల్లో పలకరించను కూడా లేదు.

సికిందరాబాదులోని మా వియ్యంకుడికి చెప్పకపోయినా ఫరవా లేదు. తిండి వాసనకు ఆయనే వస్తాడు.

చివరగా అవ్వ ఆడబిడ్డకు చెప్పాలి. నాకు రక్తసంబంధం కాదు, అయినా చెప్పాల్సింది నేనే. ఇద్దరూ ఆ ఇంట్లోనే కలిసి బతికారు. ఆమె తీర్థాలకు వెళ్ళి ఉంది, ఏ ఊళ్ళో ఉందో తెలియక కబురు పంపలేకపోయారు. ఈ వారంలో వస్తుందట. ఆమెకు చెవులు వినపడవు, చదువూ రాదు. "గీ గల్లీల గంత గట్టిగ ఒర్లి ఎట్ల చెప్పుడు?" అని అవ్వ మేనల్లుడు నీళ్ళు నములుతున్నాడు. నువ్వు పక్కకు జరుగు, నేను చెప్తానన్నాను. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చెవి దగ్గర నోరు పెట్టి, "మీ వదిన పోయింది" అంటాను. ఆమె "ఆఁ?" అంటుంది. ఇంకా గట్టిగా చెప్తాను.