కొంగు మీది నాలుగో చుక్క

నకిరేకల్ చర్చిలో కీబోర్డు వాయించే దేవకరుణ ముందు నాలుగు నెలలు కూసొని, ఐదు గీతల మీది స్వరాల చుక్కలు తప్పులేకుండ చదవడం సంగీత విద్యలో నేతపని చేసే గండయ్య మొదటి గెలుపు. అప్పటికాయనకు అరవై రెండేండ్లు. బడిచదువు ఐదో తరగతి. హైదరాబాదు దుకాణం చీర కొంగుకు పాశ్చాత్య సంగీతం రాసిన బొమ్మ పంపితే, చదవరానిది నెయ్యనన్నడు. అది జర్మనీ బాఖ్ పాటని, ఆయన మూడొందల ఏండ్ల కింద కొడుకులకు తన సంగీత విద్యే నేర్పిండని దేవకరుణ చెప్తే, "మనలెక్కనే" అని మురిసిండు. బొమ్మ ప్రకారం రంగంటకుండ నూలుకు రబ్బరు పట్టీలు కట్టేటప్పుడు మడిమెతో తాళమేసుకుంట, తడివేలితో చుక్కలు లెక్కపెడతడు. అట్ల లెక్కపెడితేనే దొరికింది: నిలువు గీతల నడుమ గదికి నాలుగు చుక్కలుండాల్సిన పాటలో, బొమ్మ గీసినాయన ఆఖరి గదికి మూడే పెట్టిండు. గండయ్య నాలుగోది కలిపి నేసిండు. దేవకరుణ ఆ కొంగు చూసుకుంట వాయిస్తే పాట నిండుగ పలికింది. దుకాణం మాత్రం చీర వాపసు పంపి, బొమ్మలో ఉన్నట్టే మళ్ల నేసియ్యమన్నది.

"తప్పు నెయ్యాల్నా నేను? నూనెల నానేసిన నూలుతో తేలియా రుమాలు నేసి కలెక్టర్ చేత శాలువ కప్పించుకున్నోణ్ని!"

"ఆ శాలువ కప్పుకొని పండుకో," అన్నది భార్య ఆండాళు. "చీరను కట్టుకుంటరు గని, ఎవలన్న వాయిస్తరా?"

ఊరికి పోయిన దుకాణం యజమానురాలు జూన్ పదమూడున తిరిగొస్తదంటే, గండయ్య నాలుగు రోజుల ముందే వాపసొచ్చిన చీర సంచిల పెట్టుకొని, ఆమెకు తప్పు చూపిస్తనని హైదరాబాదు బస్సెక్కిండు. ఆయన గడప దాటంగనే కొడుకు శ్రవణ్ దుకాణం పంపిన పాత బొమ్మ ముందేసుకొని, మూడు చుక్కలకే పట్టీలు కట్టుడు మొదలుపెట్టిండు. ఆ పని ఒడిసేది, గండయ్య తిరిగొచ్చేది ఒక్కనాడే: జూన్ పద్నాలుగు.