తప్పు మా మేస్త్రిది కాదు

మా మేస్త్రి మంగళవారం పొద్దున నరసరావుపేటలో ఆసుపత్రిలో పోయారు. చైను మీద నడిచే వరికోత మిషను బోల్తాపడి ఆయన దాని కింద పడ్డారని మీలో చాలామంది వినే ఉంటారు. అది ఎందుకు పడిందో నాకొక్కడికే తెలుసు.

మిషన్లు బాగుచేసే ఆయన షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. ఈ మిషన్లకు కింద చైను లోపల తిరిగే రోలర్లన్నీ ఛాసిస్ చట్రానికి బిర్రుగా బిగించి ఉంటాయి. పొలం గట్టు ఎక్కితే బరువంతా ఒక్క రోలరు మీదే పడి, మిషను ఎగిరెగిరి పడుతుంది. మేస్త్రి రోలర్లను జతలు చేసి, ఒక్కో జతను ఇనప చేతికి బిగించి, ఆ చేతిని నడుమ పిన్ను మీద ఊగేట్టు పెట్టారు. ముందు రోలరు గట్టెక్కితే వెనకది దిగి నేలను పట్టుకుంటుంది. పైన డ్రైవరు నిమ్మళంగా కూర్చుంటాడు.

బిగించే ముందు ఆ మిషను నడిచే పొలానికి వెళ్లి, చెప్పులు విడిచి, నల్లరేగడి బురదలో గట్లకు అడ్డంగా నడిచేవారు.

"ఏంది మేస్త్రీ, టేపుతో కొలిస్తే పోలా?" అని నవ్వేవాణ్ణి.

"టేపు ఎత్తు చెబుద్దిరా. ఏడ మెత్తగుందో నా కాలు చెబుద్ది."

కోపమొస్తే స్పానరు విసిరేసి, మళ్లీ తనే వెతుక్కునేవారు. నాలాంటి తొందరమనిషితో చానా ఓపిక పట్టారు.

కోతలప్పుడు మా వాళ్లకొక పాడు అలవాటు. ఏది అరిగినా వెల్డింగు కొట్టి పంపేస్తాం, సీజను అయ్యాక చూద్దామంటాం. ఆ ఆదివారం మేస్త్రి చర్చికి వెళ్లారు. రొంపిచెర్ల నుంచి వచ్చిన మిషనుకు కుడివైపు ముందు పిన్ను అరిగి, చెయ్యి లొడలొడలాడుతోంది. మబ్బు పట్టిందని యజమాని నెత్తిన కూర్చున్నాడు. ఆ చేతిని కదలకుండా ఛాసిస్‌కి వెల్డింగు కొట్టేశాను. తిడతారని మేస్త్రికి చెప్పలేదు.

మర్నాడు ఆ మిషను కుదుపుతోందని కబురొస్తే ఆయనే వెళ్లారు. రోలర్లు బురదలో ఉన్నాయి, నా వెల్డింగు కనపడలేదు. మిషనెక్కి, డ్రైవరు పక్కన నిలబడి గట్టు ఎక్కించమన్నారు. ఎడమవైపు చెయ్యి ఊగి సర్దుకుంది. కుడివైపుది బిగుసుకుపోయి మిషన్ను ఎత్తి పక్కకు పడేసింది.

ఆసుపత్రిలో నన్ను చూడగానే అడిగారు. "పిన్ను విరిగిందా?"

"విరిగింది మేస్త్రీ" అని బొంకాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

"సన్నది వేశాన్రా. తప్పు నాదే" అని గోడవైపు తిరిగారు. తెల్లారి పోయారు.

సమాధి చేసి వస్తుంటే ఆయన భార్య నన్ను ఆపింది. "మీ మేస్త్రి ఒకటే చెప్పి పోయాడయ్యా. ఆయన మిషన్లకి పెట్టిన ఊగే చేతులన్నీ ఊడదీయమన్నాడు. ఇంకెవరూ చావగూడదంట."

ఆమె కబురు చేస్తే ఇవాళ నాలుగు మిషన్లు షెడ్డుకొచ్చాయి. ఊడదీయొద్దని, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "గురువు మీద ప్రేమతో తప్పు నెత్తినేసుకుంటున్నావు. ఆయనే చెప్పి పోయాడు గదా" అన్నాడు ఒక యజమాని, నా భుజం తట్టి.

సాయంత్రానికి గోడవారగా పదహారు చేతులు పేరుకున్నాయి. ఒక్కొక్క పిన్నూ తుడిచి చూశాను. ఒక్కదానికీ వంక లేదు.