చూసే కళ్ళకో ముద్ద

ఛాయాదేవికి కుక్కలంటే ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే తర్వాత ఆమె పడిన పాట్లన్నీ చూసి, పెద్ద జంతుప్రేమికురాలని మీరు అనుకునే ప్రమాదముంది. అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా ఒక ప్రాణి ఉండాలని ఆమె ఆ కుక్కపిల్లను తెచ్చుకుంది. అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదు.

కడప నుంచి స్టెనోగ్రాఫర్ ఉద్యోగానికి ఢిల్లీ వచ్చినప్పుడు ఆమె పాతికేళ్ళు కూడా లేని పిల్ల. ఈ కథ జరిగిన రెండువేల ఆరు నాటికి యాభై దాటాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి ఎప్పుడో మానేశారు. ఆర్.కె. పురంలో రెండో అంతస్తు గవర్నమెంటు క్వార్టరు ఆమెది. అందులో ఆమెతోపాటు సరోజ అనే స్నేహితురాలు ఏళ్ళ తరబడి ఉండేది. సరోజది తెనాలి, అదే ఆఫీసులో అసిస్టెంటు. ఒకరికి సంగటీ ఊరిమిండి పచ్చడీ కావాలి, ఇంకొకరికి గోంగూరా ముద్దపప్పూ కావాలి. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. కారం దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ ఉండేది కాదు. రాత్రి కాగానే హాల్లో చాప పరుచుకుని, ఎదురెదురుగా కంచాలు పెట్టుకుని, పై ఆఫీసరును తీరిగ్గా తిట్టుకుంటూ తినేవాళ్ళు. ఆయన పుణ్యమా అని ఏ రోజూ అన్నం చల్లారకముందే లేచింది లేదు.

సరోజ రిటైరై, దీపావళి వెళ్ళాక తెనాలిలో అన్నగారింటికి వెళ్ళిపోయింది. ఆ రాత్రే ఛాయాదేవి చాప చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది. ఒక్కతే కూర్చుని తినడానికి చాప ఎందుకు? స్టవ్వు దగ్గరే నిలబడి, గిన్నెలోనే కలుపుకుని, నాలుగు ముద్దలు మింగేసి చెయ్యి కడిగేసుకునేది. ఆమెకు దిగులుగా ఉండేది. ఎవరితోనూ అనలేదు గానీ, చాలా దిగులుగా ఉండేది.

జనవరి పొగమంచులో ఒక సాయంత్రం, ఆఫీసు బస్సు దిగి వస్తుంటే మెట్ల కింద కుక్కపిల్ల కనబడింది. గోధుమరంగు, పిడికెడంత ఒళ్ళు. తల్లి ఏమైందో ఎవరికీ తెలియదు. ఆమె పాటికి ఆమె మెట్లెక్కింది. అది వెనకే ఎక్కింది. తలుపు వేయబోతే గడప మీద కూర్చుంది. వంటగదిలో నిలబడి తింటుంటే వచ్చి, ఆమె చేతివైపే, చేతి నుంచి నోటివైపే చూస్తూ కూర్చుంది.

“ఏమిరా అట్ల చూస్తావు బుడ్డోడా?” అని ఛాయాదేవి ఒక ముద్ద పెట్టింది. మర్నాటి రాత్రి చాప మళ్ళీ పరిచింది.

సుఖం నాలుగు రోజులు. ఆ తర్వాత బుడ్డోడికి కడుపు చెడింది. మామూలుగా చెడడం కాదు, ఇల్లంతా పాత పేపర్లు పరవాల్సి వచ్చింది. సలహాలకు కొదవా? కింది వాటాలో ఉండే మిసెస్ ఖురానా పాలూ రొట్టే పెట్టమంది. వాళ్ళ ఊళ్ళో కుక్కలన్నీ దూధ్-రోటీ తినే గుర్రాల్లా అయ్యాయట. పక్క బ్లాకు కేశవరావుగారు పెరుగన్నం పెట్టమన్నారు. “మన తెలుగు కడుపులకి దాన్ని మించిన మందు లేదండీ” అన్నారాయన, ఆ కుక్క పుట్టింది ఢిల్లీలోనన్న సంగతి మరిచి. పాలు పెడితే ఎక్కువైంది. పెరుగు పెడితే తగ్గలేదు. మార్కెట్లో కుక్కల తిండి అమ్మే కొట్టువాడు ఒక పాకెట్టు ఇచ్చాడు. అది పనిచేయలేదంటే రెండో రోజే ఇంకో పాకెట్టు ఇచ్చాడు. వాడికి బేరం ముఖ్యం, బుడ్డోడి పేగులు కాదు.

చివరికి పశువుల డాక్టరు అహ్లావత్ దగ్గరికి ఎత్తుకెళ్ళింది. హర్యానా మనిషి, గొంతు పెద్దది. అంతా విని తల పట్టుకున్నాడు.

“మేడమ్‌జీ, పాలు ఎవరు పొయ్యమన్నారు? తల్లి పాలు వేరు, బర్రె పాలు వేరు. చాలా పిల్లలకి అరగవు. పైగా రోజుకో తిండి మారుస్తారా? మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పట్టాలి.” నులిపురుగుల మందు ఇచ్చాడు. మెత్తగా ఉడికించిన అన్నం, ఎముకల్లేని కోడిమాంసం, కాస్త గుమ్మడికాయ. ఉప్పు, నూనె, మసాలా లేకుండా కొంచెం కొంచెంగా రోజుకు నాలుగుసార్లు. “ఇంకేమీ వద్దు. ఔర్ కుఛ్ నహీ. ఠీక్ హై?”

“ఠీక్ హై” అంది ఛాయాదేవి. అన్న మాట అన్నట్టే చేసింది. తెల్లవారుజామున లేచి కోడిమాంసం ఉడికించేది. మధ్యాహ్నం పెట్టడానికి తాళంచెవి మిసెస్ ఖురానాకు ఇచ్చి వెళ్ళేది. అయినా తగ్గలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు మళ్ళీ మొదలు. డాక్టరు తూకం వేసి మొహం చిట్లించాడు.

“ఇంకేదైనా తినిపించారా?”

“లేదు.”

“పక్కాగా?”

“ఒక్క మెతుకు కూడా వేరేది పెట్టలేదు” అంది. అబద్ధం చెబుతున్నానని ఆమెకు తెలియదు. నిజంగా తెలియదు.

“అయితే ఎవరో పెడుతున్నారు” అన్నాడు డాక్టరు. “చూడండి, చిన్న ప్రాణం. ఒంట్లో నీరంతా ఇట్లా పోతుంటే ఎన్నాళ్ళు నిలబడుతుంది? ఇదే తీరైతే బతకదు.”

ఆ మాటతో ఛాయాదేవికి ఒళ్ళు మండింది, భయమూ వేసింది. రెండూ కలిస్తే మనిషి ఆలోచించడు. నేరుగా మిసెస్ ఖురానా తలుపు కొట్టింది. మధ్యాహ్నాలు దానికి పరాఠాలు పెడుతున్నారు కదా అని అడిగేసింది. ఆవిడ తెల్లబోయింది. “ఛాయాజీ, మీ డబ్బాలో ఉన్నదే పెట్టాను” అంది. “అయితే ఇంకెవరు పెడతారు?” అని తాళంచెవి తీసుకుని పైకొచ్చేసింది. మర్నాటినుంచి సగం రోజు సెలవులు పెట్టి తనే వచ్చి పెట్టుకుంది. పై ఆఫీసరు సణిగాడు. తిట్టుకోవడానికి ఎదురుగా సరోజ లేదు.

ఆ సెలవుల మూడో రోజు పొద్దున, బాల్కనీలో బుడ్డోడు పాడుచేసిన పేపరు ఎత్తబోతూ ఆగింది. కళ్ళద్దాలు సవరించుకుని వంగింది. అందులో ఆవగింజలున్నాయి. రెండు మిరపగింజలు కూడా ఉన్నాయి.

ఉత్త కోడిమాంసం అన్నంలోకి ఆవాలెలా వచ్చాయి? ఖురానా ఇంట్లో పోపంటే జీలకర్రే, ఆవాలు వాడే అలవాటే లేదు. ఆ చుట్టుపక్కల నాలుగు వాటాల్లో ఆవాలు చిటపటలాడేది ఒక్క వంటింట్లోనే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బుడ్డోడు పట్టించాడు.

సంగతేమిటంటే, రోజూ రాత్రి చాప మీద కూర్చుని ఆమె పప్పన్నం కలిపేది. బుడ్డోడు ఎదురుగా కూర్చుని చూసేవాడు. చూసే కళ్ళకు పెట్టకుండా తింటే దిష్టి తగులుతుంది, తిన్నది ఒంటబట్టదు. ఈ మాట చెప్పి ఆమెను పెంచింది వాళ్ళవ్వ. పసిపిల్ల చూసినా, పనిమనిషి చూసినా, పిల్లి చూసినా ముందొక ముద్ద తీసి పెట్టాల్సిందే. ఛాయాదేవి అలాగే ఒక ముద్ద తీసి పెట్టేది. అది దిష్టి ముద్ద, తిండి కాదు. తిండి కాని దానిని డాక్టరు అడిగిన తిండి లెక్కలో ఎలా చెబుతుంది? పోపూ, ఎండుమిర్చీ, ఎల్లిపాయా అన్నీ ఉన్న ముద్ద రోజుకొకటి ఆ పిడికెడు కడుపులోకి తన చేత్తోనే వేసింది.

అక్కడే పేపరు పక్కన కూలబడి ఏడ్చింది. బుడ్డోడొచ్చి చెయ్యి నాకాడు. వాడికేం తెలుసు.

ఆ రాత్రి వాడి అన్నం వాడికి పెట్టి, తన కంచంతో వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బుడ్డోడు బయట గోళ్ళతో తలుపు గీరాడు. కుయ్యిమన్నాడు. “వద్దురా నాయనా, నీ మంచికేరా” అంది లోపల్నుంచి. నాలుగు ముద్దలు నిలబడే మింగింది. ఎవరూ చూడకుండా, తలుపేసుకుని, దొంగతనంగా తిన్నట్టుగా. సరోజ వెళ్ళిన కొత్తల్లో కూడా ఇంత అధ్వాన్నంగా లేదు. అప్పుడు ఒక్కతే ఉండి ఒక్కతే తింది. ఇప్పుడు తలుపవతల ఒకరుండగా ఒక్కతే తింటోంది.

చెయ్యి కడుక్కుని తెనాలికి ఫోను చేసింది.

“ఏవే ఛాయా! ఇక్కడందరం భోజనాలకి కూర్చున్నామే. తినేసి చేస్తాను, సరేనా?” అంది సరోజ. వెనక పిల్లల గోల, గిన్నెల చప్పుడు.

“సరే మే, నిదానంగా తిను” అని పెట్టేసింది. సరోజ మాట తప్పలేదు, గంట తర్వాత చేసింది. అప్పటికి ఛాయాదేవికి చెప్పడానికేమీ మిగల్లేదు. ఎండలెట్లా ఉన్నాయో మాట్లాడుకున్నారు.

మర్నాడు ఆమె గిన్నెలో బియ్యం ఎక్కువ పోసింది. కోడిమాంసం, గుమ్మడి ముక్కలు కూడా. ఉడికాక రెండు భాగాలు చేసింది. ఒకటి బుడ్డోడి పళ్ళెంలో, ఒకటి తన కంచంలో. ఉప్పు లేదు, కారం లేదు, పోపు లేదు. వాడు చూస్తే తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పెట్టింది. పెట్టినా ఇప్పుడు తప్పులేదు, అదీ ఇదీ ఒకటే అన్నం. కడప కారంతో పెరిగిన నాలుకకు ఆ చప్పిడి ముద్ద గొంతు దిగడమే కష్టమైంది. “ఎట్ల తింటావురా ఇది రోజూ?” అంది. అయినా రోజూ అదే తింది, రాత్రి పూట వాడితో కలిసి. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

బుడ్డోడికి కుదుటపడింది. పేపర్ల అవసరం తీరింది. డాక్టరు తూకం వేసి మొదటిసారి నవ్వాడు. ఛాయాదేవి సిగ్గుపడుతూ ముద్ద సంగతి చెప్పింది. “మా అమ్మా అంతే” అన్నాడాయన. తర్వాత ఆమె మిసెస్ ఖురానా ఇంటికి వెళ్ళి, తప్పు తనదేనని చెప్పి, తాళంచెవి చేతిలో పెట్టింది. “కోయీ బాత్ నహీ” అంటూ ఆవిడ తీసుకుంది గానీ, లోపలికి రమ్మని మాత్రం అనలేదు.

ఎండాకాలం ముదిరేసరికి బుడ్డోడు ఎదిగాడు. ఇంకో మార్పు కూడా వచ్చింది. పళ్ళెం పెట్టగానే ఆబగా తినేస్తాడు, మూతి నాక్కుంటాడు, బాల్కనీ తలుపు దగ్గర చల్లటి గచ్చు మీద పడుకుంటాడు. ఛాయాదేవి చాప మీద చప్పిడి కూడు ముందేసుకుని కూర్చుంటే ఇటు తిరిగి చూడను కూడా చూడడు. “బుడ్డోడా, దా” అంటే తోక రెండుసార్లు నేలకేసి కొడతాడు. లేవడు. ఎందుకు లేస్తాడు? అన్నాళ్ళూ వాడు ఆమె ఎదుట కూర్చున్నది ఆకలికి. సరైన తిండి పడ్డాక ఆకలి తీరింది. కడుపు నిండినవాడు పక్కవాళ్ళ కంచం వైపు చూడడు. వాడికి నయమైనందుకు ఆమెకు సంతోషంగానే ఉండేది. గుండెల్లో నొప్పిగానూ ఉండేది.

ఒక ఆదివారం ఇక తనకు ఈ చప్పిడి కూడెందుకని పప్పు వండుకుంది. ఎన్నాళ్ళకో ఆవాలు చిటపటలాడాయి. ఎల్లిపాయలు వేగాయి. వేడన్నంలో పప్పు వేసి, నెయ్యి పోసి, చాప మీద కూర్చుని కలిపింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

బుడ్డోడి ముక్కు కదిలింది. ఒక కన్ను తెరిచాడు. తల కాస్త ఎత్తి, చాన్నాళ్ళ తర్వాత, ఆమె చేతివైపు చూశాడు.

ముద్ద చేతిలోనే ఉంది. ఒక్కటి చాలు. ఒక్కటి పెడితే రేపు రాత్రి వచ్చి ఎదురుగా కూర్చుంటాడు, ఎల్లుండీ కూర్చుంటాడు. ఒక్క ముద్దకు ఏమవుతుందిలే అని కూడా అనిపించింది. చెయ్యి అటు కొంచెం జరిగింది కూడా.

బుడ్డోడు లేవబోయాడు.

“లేదు, పండుకో” అంది ఛాయాదేవి. ఆ ముద్ద తను తినేసి, వాడికి కనబడకుండా కంచం ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి వెనక వాడు పడుకున్న చప్పుడైంది. ఆమె రెండో ముద్ద కలుపుకుంది.