లూన్‌గారి మౌనవ్రతం

ఆ రోజుల్లో కెనడాలో ఉద్యోగం రావాలంటే ముందు కెనడాలో ఉద్యోగం చేసి ఉండాలనేవారు (ఇప్పుడూ అంతేననుకోండి). నేనా, బడి మొహం చూడకుండా మా నాన్నగారి దగ్గరే నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని. "వాలంటీరింగ్ చెయ్యమ్మా, ఎక్స్‌పీరియన్స్ అవుతుంది" అన్నారు మా హామిల్టన్ డాక్టర్ అంకుల్. దేవుడి దయవల్ల, ఉత్తరాన ఓ సరస్సు దగ్గర లూన్ పక్షులకు కాపలా దొరికింది. జీతం లేదు కనుక తీసేస్తారన్న బెంగా లేదు. శనివారాలు మావారు నన్నక్కడ దింపి, కారులోనే నిద్రపోయేవారు.

లూన్ అంటే వీపంతా తెల్లటి ముగ్గుచుక్కలతో, ఎర్రటి కళ్లతో ఉండే నీటిపక్షి. నీళ్ల అంచున గూట్లో రెండు గుడ్లు పొదుగుతోంది. దాని దగ్గరికి ఎవరూ రాకుండా చూడటమే నా పని. ఒడ్డున ఊరికే కూర్చోలేక గొంతెత్తి కీర్తనలు పాడేదాన్ని. నేను చరణం అందుకోగానే అది నవ్వుతున్నట్టు వణికే గొంతుతో కూసేది. వంత పాడుతోందని మురిసిపోయి, ఆ ముక్క అంకుల్ చెవిన వేశాను.

మరుసటి శనివారం మా వాలంటీర్ల పెద్ద (ఎప్పుడూ పడవలోనే తిరిగేది, పేరు పలకలేక నేను 'పడవ బామ్మ' అనుకునేదాన్ని) నా పాట విని కంగారుగా వచ్చింది. "అది పాట కాదు, భయం. ఇంకా బెదిరితే గూడు వదిలేస్తుంది, గుడ్లు చల్లబడి చచ్చిపోతాయి" అని ఇంగ్లీషులో మెల్లగా చెప్పి వెళ్లింది. అంతలో మూడు కార్లు దిగాయి: పులిహోర, హార్మోనియం, అంకుల్, ఆయన భజన బృందం.

"ఏదమ్మా భక్త పక్షి?"

"గట్టిగా మాట్లాడకండి అంకుల్! రూల్స్ ఒప్పుకోవు."

"రూల్స్ అందరికీ అమ్మా, మనం భక్తులం కదా. ఒక్క పాటే!"

హార్మోనియం ఒక్కసారి మూలిగిందో లేదో, లూన్ గూట్లోంచి జారి, నీళ్లమీద నిటారుగా లేచి రెక్కలు కొట్టుకుంది. "అయ్యో, నాట్యం కూడానూ!" అని ఓ ఆంటీ చెంపలు వేసుకున్నారు.

గూట్లో గుడ్లు ఒంటరిగా ఉన్నాయి. 'స్వామీ, నువ్వే దిక్కు' అనుకున్నాను. నోట్లోంచి ఇలా ఊడిపడింది: "అంకుల్, ఇవాళ దానికి మౌనవ్రతం! భంగం చేస్తే ఆ పాపం మనకే."

హార్మోనియం మూతపడింది. వీడియో తీస్తున్న ఫోన్లు ఆగిపోయాయి. అందరూ దూరంగా జరిగి, పులిహోరలో జీడిపప్పు కూడా చప్పుడు కాకుండా నమిలారు. అంకుల్ వచ్చిన తుమ్మును మింగేశారు. కాసేపటికి లూన్ అటూ ఇటూ చూసి, మెల్లగా గూడెక్కి కూర్చుంది.

హార్మోనియం విని మళ్లీ వచ్చిన పడవ బామ్మ విస్తుపోయింది. "చప్పుడు చెయ్యొద్దని నేను పెట్టిన బోర్డులు ఎవరూ చదవరు. వీళ్లకేం చెప్పావు? సరస్సులో జెట్‌స్కీ బళ్లు రయ్యిన తోలే ఆ కుర్రాళ్లకి కూడా చెప్పవూ?"

గుడ్లు పిల్లలయ్యాయి, తల్లి వీపెక్కి ఊరేగాయి. ఇప్పటికీ వేసవి రాగానే అంకుల్ ఫోన్ చేస్తారు: "ఏమ్మా, మన లూన్‌గారి వ్రతం మొదలైందా?" అయిందంటాను. ఆ ఒడ్డున ఇప్పుడు నా నామజపమంతా మనసులోనే. గొంతెత్తితేగానీ దేవుడికి వినపడదనుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పిచ్చిది, పాపం. గొంతు మాత్రం బాగుండేది.