పట్టిసీమ ఇసుకలో పాతిన కర్రలు

మా అన్నయ్య కూతురు శైలు మాటంటే మా ఇంట్లో పదేళ్లుగా నవ్వులాట. అలా చేసింది నేను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముందు మీకు చెబుతాను, జరిగింది జరిగిన వరుసలో.

అప్పుడు నేను భీమవరంలో డిప్లొమా ఆఖరి సంవత్సరం. అన్నయ్య, వదిన, పిల్లలిద్దరితో పట్టిసీమ దగ్గర గోదావరి ఇసుక తిన్నె మీద ఒక రాత్రి గుడారంలో ఉండాలన్నది నా ఆలోచనే. కళ్లంలో వాడే టార్పాలిన్‌తో గుడారం వేశాను. నీళ్లలో, పిల్లల మోకాలి లోతు వరకు హద్దుగా నాలుగు వెదురు కర్రలు పాతి ఎర్రగుడ్డ పీలికలు కట్టాను. అవి దాటితే ఇసుక ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ఏడేళ్ల శైలు చేత, తన తమ్ముడి చేత ఆ మాట అప్పజెప్పించుకున్నాను కూడా.

తెల్లారాక గాలి లేచి గుడారం ఒక పక్కకు ఒరిగింది. వెంటనే మళ్లీ పాతేద్దాంలే అనుకుని, మధ్యలోని రెండు కర్రలు పీకి గుడారానికి ఊతం పెట్టాను. తర్వాత తాళ్లు బిగించడంలో పడ్డాను. పిల్లలు ఇసుకలో గుంట తవ్వుతున్నారు. దాన్ని నింపడానికి శైలు చెంబు తీసుకుని నీళ్లలోకి వెళ్లింది.

వదిన కేక విని తిరిగి చూశాను. అన్నయ్య అప్పటికే దూకాడు.

శైలును ఒడ్డున బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కిస్తున్నప్పుడు నేనేం చేశాను? ఆ రెండు కర్రలూ తీసుకెళ్లి వాటి చోట్లో పాతాను. పిల్ల బతుకుతుందో లేదో ఇంకా తెలియదు. అయినా వరుస తప్పకుండా పాతాను. గుడారం మళ్లీ ఒరిగింది. ఎవరూ గమనించలేదు.

శైలుకు ఊపిరి అందాక వదిన పిల్ల వీపు మీద ఒకటి వేసింది. "కర్ర దాటొద్దని ఎన్నిసార్లు చెప్పానే నీకు?"

"అక్కడ కర్ర లేదమ్మా."

"లేకపోతే అదేంటి? కళ్లెక్కడ పెట్టుకున్నావు?"

శైలు అటు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "బాబాయ్, ఇందాక లేదు కదా?"

"ఉందమ్మా. నువ్వే చూసుకోలేదు," అన్నాను.

ఎందుకన్నాను? అన్నయ్య కొడతాడనా? కాదు. నా ఏర్పాటులో లోపం ఉందని ఎవరూ అనకూడదు. అంతే. అంత చిన్న కారణం.

అప్పటి నుంచి శైలు ఏం చెప్పినా అన్నయ్య, "ఏంటండి శైలు గారూ, ఇది కూడా ఆ కర్ర లాంటిదేనా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను.

మొన్న రామచంద్రపురంలో అన్నయ్య వాళ్లింటి నుంచి అందరం బయల్దేరాం. శైలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తలుపుకు తాళం వేసి, లాగి చూసింది. గేటు దగ్గరకు వచ్చాక నన్నడిగింది: "బాబాయ్, తాళం వేశానా? నువ్వు చూశావా?"

వేశావన్నాను. వెంటనే నమ్మింది. ఆ రోజు కూడా తన కళ్లను కాదని, ఇలాగే నా మాట నమ్మి ఉంటుంది. ఆలోచించిన కొద్దీ, నేను తన దగ్గర తీసుకున్నది ఏమిటో, దాన్ని తిరిగి ఇవ్వడం నా వల్ల అవుతుందో కాదో నాకు తెలియడం లేదు.

ఆదివారం వెళ్తున్నాను. నవ్విన వాళ్లందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు చెబుతాను. శైలు లేచి వెళ్లిపోవచ్చు. అన్నయ్య నన్ను గడప తొక్కనివ్వకపోవచ్చు. క్షమించమని అడగను. ఒక్క మాట మాత్రం చెప్పి తీరాలి. దాన్ని ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను.

అక్కడ కర్ర లేదు. శైలు సరిగ్గానే చూసింది.