శనివారం రాత్రి లావు సేమ్యా

మా అత్తగారింట్లో శనివారం ఒక్కపొద్దు. మధ్యాహ్నం దేవుడికి పెట్టి ఒక పూట అన్నం, రాత్రికి పలారం. తిరుపతిలో చాలా ఇళ్లలో ఇదే పద్ధతి కాబట్టి ఎవరూ విడ్డూరంగా చూడరు. నేనూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో, వారానికి ఒక రాత్రి వంట బాధ తప్పుతుందని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా. ఎంత తెలివితక్కువదాన్నో తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

పలారం అంటే తేలిక అంటారు. తినేవాళ్లకి తేలికే. అన్నమైతే ఒకసారి వండి దించేస్తే పని అయిపోతుంది, వండిన మనిషి కూడా పళ్లెం పెట్టుకోవచ్చు. దోసె అలా కాదు. పెనం మీద నుంచి నేరుగా పళ్లెంలో పడాలి. మా ఆయనకి అంచులు ఎర్రగా కాలాలి, పిల్లలిద్దరికీ మెత్తగా ఉండాలి. అత్త సంగతి ఇంకోటి. కొడుకు తిని లేచేదాకా ఆమె కూర్చోదు. వేడిగా పోస్తానన్నా వినదు, పిల్లలు వదిలేసిన చల్లటి దోసెలే చాలంటుంది. వాళ్లందరి తర్వాత మిగిలిన పిండిని దళసరిగా ఒకటి పోసుకుని, పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడి నేను తినేదాన్ని. అప్పటికి చట్నీ గిన్నెలో అడుగు కనిపిస్తూ ఉండేది.

ఒక్కపొద్దు నాకూ ఉంది. పొద్దునంతా ఆఫీసులో కూర్చుని వచ్చిన మనిషిని, ఆకలి నాకు ఎవరికంటే తక్కువ? అందరితో పాటు కూర్చుని, వేడిగా ఉన్నదాన్ని వేడిగా తినాలి, అంతే నా కోరిక. ఇంత చిన్న కోరిక కోసం నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉప్మా చేసుంటే సరిపోయేది కదా అంటారేమో. ఉప్మాని మా ఆయన తిండి కింద లెక్కేయడు. రాత్రి పూట పెడితే జ్వరం వచ్చినవాళ్లకి పెట్టినట్టుందంటాడు. చపాతీ మాట అసలు ఎత్తకండి, కాల్చడానికి తోడు రుద్దడం కూడా.

ఊళ్లో సూపర్ మార్కెట్లు కొత్తగా వస్తున్న రోజులవి. బుట్ట పట్టుకుని మనకి కావలసింది మనమే తీసుకోవచ్చు. ఇదేమిటి, ఎట్లా వండాలి అని కొట్టాయన్ని అడిగి నవ్వించుకోనక్కరలేదు, ప్యాకెట్టు తిప్పి వెనక చదువుకుంటే చాలు. ఏది తిప్పినా సులభం, నిమిషాల్లో తయారు అని ఉండేది. నేను నమ్మాను. మొదట ఓట్స్ తెచ్చాను. మా పెద్దవాడు అందులో స్పూను నిలబెట్టి, దీంతో గోడలకి పోస్టర్లు అంటించొచ్చు అన్నాడు. తర్వాత గోధుమ నూక తెచ్చాను. పొడిపొడిగా, మెతుకు మెతుకుగా ఎంత చక్కగా ఉడికిందో. అదే కొంప ముంచింది. మెతుకు కనపడితే అది అన్నమే, ఒక్కపొద్దు రాత్రి అన్నం తినకూడదు అని అత్త తీర్పు చెప్పింది. కొర్రల ప్యాకెట్టుకీ అదే గతి పట్టింది. వడమాలపేట పక్కన ఆమె పుట్టింట్లో చిన్నప్పుడు రోజూ తిన్నది కొర్రన్నమేనట, దాన్ని ఇప్పుడు పలారం అంటే ఎట్లా అని పెదవి విరిచింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బియ్యం నానబెట్టి రుబ్బి పోస్తే పలారం, అవే బియ్యం ఉడికిస్తే అన్నం. బియ్యపు గింజ ఒక్కటి కూడా లేని గోధుమ నూక మాత్రం అన్నం. ఈ లెక్క కొండ మీది స్వామి చెప్పి ఉంటాడంటే నేను నమ్మను. ఎటు తిప్పి ఎటు లెక్కేసినా ఆఖరికి పెనం ముందు నిలబడేది నేనే.

అప్పుడు దొరికింది పాస్తా ప్యాకెట్టు. దాని మీద ఒక బొమ్మ. బల్ల చుట్టూ మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. నలుగురి ముందూ పళ్లేలు, నాలుగు పళ్లేల్లోనూ ఆవిరి. నేను లోపలి గొట్టాల్ని చూడనే లేదు. వండిన మనిషి కూర్చుని ఉంది, అది చూశాను. కొనేశాను.

మొదటిసారి సేమ్యాని వేయించినట్టు నేతిలో దోరగా వేయించి, ఎసరు కొలిచి పోసి మూత పెట్టాను. అడుగంతా మాడింది, గొట్టాలు నమిలితే పళ్లు కదిలాయి. మళ్లీ ఇంకో రోజు ప్యాకెట్టు మీద రాసినట్టే నీళ్లలో ఉడికించి వార్చాను. ఆవాలు, కరేపాకు, పచ్చిమిరపకాయలతో తిరగమోత పెట్టి, టమోటాలు మగ్గించి కలిపి, పైన చెనక్కాయల పొడి చల్లాను. శనివారాలు ఉల్లి, వెల్లుల్లి వాడం కాబట్టి ఈ పరీక్ష వంటలోనూ అవి వేయలేదు. చీజు వేయమని రాశారు గానీ దాని జోలికి పోలేదు. పిల్లలు గిన్నె నాకేశారు. ఇక మిగిలింది అత్త. ఒక పచ్చి గొట్టం తీసుకుని వేళ్ల మధ్య తిప్పి, కోడిగుడ్డు ఉందా అని అడిగింది. ప్యాకెట్టు మీది పచ్చ చుక్క చూపించాను. ఇది గోధుమతో చేసిన లావు సేమ్యా అత్తా, సేమ్యాకి లేని అడ్డు దీనికెందుకు అన్నాను. గొట్టాన్ని తిరిగి ప్యాకెట్టులో వేసి సరేనంది. ఆ పూట నేను కోర్టులో కేసు గెలిచినంత సంబరపడ్డాను.

మొదటి శనివారం అందరికీ పెట్టి, నేనూ పళ్లెంతో కింద కూర్చున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో, మా ఆయన ఖాళీ పళ్లెం పక్కన పెట్టి అన్నాడు.

"బాగుండాది. ఇంగ రెండు దోసెలు పొయ్యి."

లేచాను. పోశాను. తిరిగొచ్చేసరికి నా పళ్లెంలో గొట్టాలు చల్లారి ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ తర్వాత అన్ని శనివారాలూ అంతే. దోసెలకి తోడు పాస్తా వచ్చి చేరింది గానీ దోసెలు పోలేదు. ఇంతా చేసి ఆయన తన ఆఫీసులో, మా ఇంట్లో శనివారం వంటే ఉండదు, అంతా ప్యాకెట్టే అని గొప్పలు చెప్పుకున్నాడట. అది విన్న ఒకాయన భార్య బజారులో కనపడి, నీ పని హాయి కదా అంది. పళ్లు నూరుకుంటూ నవ్వాను.

కొండ మీది స్వామికి ఇష్టమైన పెరటాసి నెల వచ్చింది. ఆ శనివారాలు మాకు మరీ నిష్ఠ. ఆ నెల మొదటి శనివారం ఎవరు అడిగినా లేవకూడదని ముందే గట్టిగా అనుకున్నాను. పాస్తా గిన్నె మధ్యలో పెట్టి అందరికీ వడ్డించాను. పిల్లలు చెయ్యి పట్టుకుని లాగితే, ఎన్నడూ లేనిది అత్త కూడా మా పక్కన పీట వేసుకుని కూర్చుంది. టీవీలో ఏదో వస్తోంది. అనుకున్నట్టే మా ఆయన దోసెలు అడిగాడు. నేను తలెత్తలేదు. మళ్లీ అడిగాడు. నేను తింటూనే ఉన్నాను.

అప్పుడు అత్త మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవబోయింది. పళ్లెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

"నువ్వు తిను మే, నేను పోస్తాలే" అంది నాతో.

ఆ మోకాళ్లకి రోజూ సాయంత్రం నూనె రాసేది నేనే. అవి ఎంత నొప్పో నాకు తెలుసు, ఆమె కొడుక్కీ తెలుసు. ఆయన ఏం చేశాడో చెప్తాను. టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, ఆమె వెళ్లడానికి దారి వదులుతూ కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు.

నాకు వచ్చిన కోపానికి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్త మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయనతో చెప్పాను.

"పిండి ఫ్రిజ్జులో ఉండాది. పెనం పొయ్యి మీదనే ఉండాది. కావాలంటే పోయండి, అందరికీ పోయండి."

ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె నన్ను కసురుతుందని ఎదురుచూశాడు, దాపరికమెందుకు, నేనూ అదే అనుకున్నాను. ఆమె తల వంచుకుని పళ్లెంలో కలుపుతూ ఉంది. ఆయన లేచాడు. వంటింట్లోకి పోయి, మజ్జిగ తాగి, గ్లాసు అక్కడే ఠపీమని పెట్టి వసారాలోకి వెళ్లిపోయాడు.

అత్త రెండు ముద్దలు తింది.

"సప్పగా ఉండాది" అంది. ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. "అయినా యేడిగా ఉండాది. ఈ ఇంటికొచ్చినాక శనివారం రాత్రి యేడిగా తినింది నాకు గుర్తు లేదు."

గొప్ప సంగతేం కాదన్నట్టు, వాన రాలేదు అన్నంత మామూలుగా అనేసింది. నాకు మాత్రం గుండె మండిపోయింది. మంచి ఇల్లు, పద్ధతైన ఇల్లు అని ఊరంతా చెప్పుకునే ఇల్లు మాది. ఆ ఇంట్లో ఒక మనిషి ముసలిదైపోయేదాకా వారం వారం చల్లారిన తిండి తిన్నది, అది ఎవరి కంటికీ ఆనలేదు. ఆమె పళ్లెం ముందుకు జరిపింది. గిన్నె నా చేతికందే దూరంలోనే ఉంది కాబట్టి, కూర్చునే ఇంకాస్త పెట్టాను.